అక్క కూతురి దత్తత: ముందు ఏది, తర్వాత ఏది

మీరిద్దరూ అమెరికా పౌరులు, గుంటూరులో ఉన్న అక్క కూతురిని దత్తత తీసుకోవాలి, వచ్చే నెల దత్తత పత్రం రిజిస్టర్ చేయిద్దామా అన్నారు. దయచేసి ఇప్పుడే ఆ పని చేయొద్దండి.

భారత్, అమెరికా రెండూ దేశాంతర దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. పాప కోసం అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు వేసే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత జరిగితే ఆ దరఖాస్తును తిరస్కరిస్తారు. పోనీ రద్దు చేసుకుందామంటే, 1956 హిందూ దత్తత చట్టం సెక్షన్ 15 ప్రకారం చెల్లుబాటయ్యే దత్తతను వెనక్కి తీసుకోలేం. రెండు వైపులా ఇరుక్కుపోతారు.

మొదట హేగ్ గుర్తింపున్న ఏజెన్సీతో హోమ్ స్టడీ (మీ ఇల్లు, కుటుంబ పరిస్థితులపై నివేదిక) చేయించి, దత్తతకు మీ అర్హత తేల్చే ఐ-800ఎ దరఖాస్తు వేయండి. దాఖలు చేసే నాటికి హోమ్ స్టడీకి ఆరు నెలలు దాటకూడదు. ఆ ఏజెన్సీకి కారా (దత్తతలను చూసే భారత కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి కూడా ఉందో లేదో చూసుకోండి, కారాలో నమోదు దాని ద్వారానే. ఇక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగం పాప కుటుంబ నివేదిక ఇస్తుంది. ఐ-800 తాత్కాలిక ఆమోదం వచ్చాకే కలెక్టర్ దత్తత ఉత్తర్వు, ఆ తర్వాత కారా ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), పాస్‌పోర్టు, వీసా.

అసలు చిక్కు వేరే ఉంది. కన్నవాళ్లిద్దరూ బతికుంటే, పాపను సరిగా పెంచలేని స్థితిలో ఉన్నారని అమెరికా అధికారులకు ఆధారాలు చూపాలి. అక్కాబావలు ఆరోగ్యంగా ఉండి, ఆదాయమూ బాగుంటే కేసు నిలవడం కష్టం. పాప మనసులో ఆశ పెట్టకముందే, ఫీజులు కట్టకముందే ఈ ఒక్క విషయం దత్తత కేసులు చూసే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో తేల్చుకోండి.