అడవి బాటలో కుక్కకు తాడెంత?

ప్రశ్న: అమెరికాలో నేషనల్ ఫారెస్ట్‌కు మా కుక్కను తీసుకెళ్తున్నాం. సాగే రీలు తాడు సరిపోతుందా?

జవాబు: రీలు తాడును ఇంట్లోనే ఉంచండి. క్యాంప్‌గ్రౌండ్, పిక్నిక్ స్థలాల్లో తాడు 6 అడుగులు మించకూడదు. పైగా రీలు తాడు పొదలకు చుట్టుకుంటుంది. మామూలు నైలాన్ పట్టీయే మేలు. ఈత కొట్టే చోటికి సర్వీస్ డాగ్‌ను (వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్కను) తప్ప రానివ్వరు. మారుమూల బాటల్లో నియమం చోటును బట్టి మారుతుంది. అక్కడి రేంజర్ ఆఫీసులో అడగండి.

నేషనల్ పార్కుతో కలిపి చూడకండి, అక్కడ చాలా బాటల్లో కుక్కలు నిషిద్ధం.

గుర్రాలు ఎదురైతే బాట దిగి పల్లం వైపు నిలబడి, కుక్కను పక్కనే కూర్చోబెట్టండి. మలం సంచిలో కట్టి వెంట తెచ్చేయండి. తిరుగుదారిలో తీసుకుందాంలే అని వదిలిన సంచి అక్కడే ఉండిపోతుంది.