దెయ్యం కథ గొంతెత్తి చదవబోయే అమ్మాయికి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాత ఇంగ్లీషు దెయ్యం కథల్ని తెలుగు చేసి, నీ గొంతుతోనే ఆడియో పుస్తకంగా వినిపిస్తానని రాశావు. చెయ్యి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఊసు మాత్రం ఇప్పటికి పక్కన పెట్టు. వినేవాడికి ఒళ్లు జలదరించేది వాక్యం చివరి క్రియ దగ్గర, దాని వెనకాల వచ్చే మౌనంలో. నా సలహాలన్నీ ఆ రెంటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు హక్కుల సంగతి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఇంగ్లీషు దెయ్యం కథల రచయితల్లో ఎం.ఆర్. జేమ్స్ 1936లో, లవ్‌క్రాఫ్ట్ 1937లో, డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1943లో, ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ 1951లో పోయారు. ఆ నలుగురి కథలకూ ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే ఎవరో చేసిన తెలుగు అనువాదం దొరికింది కదా అని దాన్ని చదివేయకు. అనువాదకుడి హక్కు వేరే, అదీ ఆయన పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. మూలం దగ్గర పెట్టుకుని నువ్వే తెలుగు చెయ్యి.

మొదటి కథగా లవ్‌క్రాఫ్ట్ వద్దు. ఆయన విశేషణాల వరసలు కంటికి బాగుంటాయి, చెవికి బరువు. బ్లాక్‌వుడ్ 'ది విల్లోస్' (1907) గొప్ప కథే కానీ చాలా పొడుగు. జేమ్స్ తన కథల్ని కేంబ్రిడ్జిలో క్రిస్మస్ వేళ మిత్రులకు చదివి వినిపించేవాడు కాబట్టి అవి గొంతుకు ఒదుగుతాయి. కాకపోతే ఆ లాటిన్ ముక్కలు, చర్చి కట్టడాల వివరాలు తెలుగు శ్రోతకు మొదట్లోనే అడ్డం పడతాయి. జేకబ్స్ 'ది మంకీస్ పా' (1902) తీసుకో. ఇంగ్లీషులో నాలుగు వేల మాటలకు అటూఇటూ, మూడు భాగాలు, మాటామంతీ ఎక్కువ. మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి చెయ్యి ఒక ముసలి దంపతుల ఇంటికి వస్తుంది. మొదట కోరిన 200 పౌండ్లు కొడుకు చావుతో వస్తాయి, పోయిన కొడుకు తిరిగి రావాలని కోరిన రాత్రి వీధి తలుపు చప్పుడవుతుంది.

కథను మన ఊరికి మార్చకు. ఆ కోతి చేతికి మహిమ పెట్టింది ఒక ఫకీరు, తెచ్చింది ఇండియాలో పనిచేసి వచ్చిన సార్జెంట్ మేజర్. ఇంగ్లీషు పాఠకుడికి ఫకీరు దూరపు వింత. మనకు ఫకీరు తెలిసినవాడే. చలిరాత్రి మంట పక్కన చదరంగం ఆడుకునే తండ్రీకొడుకుల ఇల్లే మనకు వింత. ఇంటిని చంద్రగిరిలో పెట్టావంటే ఆ తిరకాసంతా పోతుంది. 200 పౌండ్లను రూపాయలు చేయకు. ముసలి దంపతుల మాటల్లో మాత్రం 'ఇంగ', 'గమ్మునుండు' అంటూ చిత్తూరు యాస రవంత రానీ. మొదలుపెట్టాక చివరిదాకా అదే నడపాలి.

ఇక వాక్యం చివర. మన వాక్యంలో ఉందా లేదా అన్నది ఆఖరి మాటలో తేలుతుంది. 'తలుపు తీస్తే వీధిలో మనిషి' అన్నంతవరకూ ఉన్నాడో లేడో శ్రోతకు తెలియదు. కొత్తగా చదివేవాళ్లకు ఊపిరి సరిగ్గా అక్కడే అయిపోతుంది, గొంతు జారి ఆ 'లేడు' నోట్లోనే ఉండిపోతుంది. అందుకని అనువాదంలోనే పన్నెండు మాటలు దాటిన వాక్యాన్ని విరువు. ప్రింటు మీద ఊపిరి తీసే చోటల్లా పెన్సిల్ గీత పెట్టు, క్రియకు ముందు మాత్రం పెట్టకు. క్రియను గట్టిగా అనక్కర్లేదు, నిదానంగా, పూర్తిగా అనాలి. ఇంకొకటి: తలుపు కొడుతున్నది ఎవరో జేకబ్స్ చూపించడు. నువ్వు 'కొట్టాడు' అన్నావా, గుట్టు బయటపడ్డట్టే. 'చప్పుడైంది' అను.

ఆ చప్పుడు మొదట వినీ వినపడనట్టు వస్తుంది, మళ్లీ వస్తుంది, మూడోసారి ఇల్లంతా మోగుతుంది. బల్ల మీద తట్టి రికార్డు చేయాలనిపిస్తుంది, చేయకు. శ్రోత వెంటనే అది బల్ల అని పోల్చుకుంటాడు. మాటతో చెప్పి ఆగు. మొదటి చప్పుడు తర్వాత రెండు సెకన్లు, రెండోదాని తర్వాత ఒకటిన్నర. మూడోదాని తర్వాత ఆగొద్దు, ముసలావిడ కేక వెంటనే అందుకోవాలి.

మౌనాన్ని ఎడిటింగులో పూర్తి సున్నా చేస్తే ఇయర్‌ఫోన్లలో ఫైలు ఆగిపోయినట్టుంటుంది. శ్రోత ఫోను తీసి చూసుకుంటాడు, అక్కడితో కథ చెడుతుంది. అందుకే చదివేముందు కదలకుండా 30 సెకన్లు ఉత్త గదిని రికార్డు చెయ్యి. రూమ్ టోన్ అంటారు దాన్ని. ఖాళీ కావలసిన ప్రతిచోటా ఆ ముక్కే అతికించు. చిన్న శబ్దాల్ని దానంతటదే నొక్కేసే నాయిస్ గేట్ జోలికి పోకు, వాక్యం చివరి సన్నని 'డు'లను, 'ది'లను కోసేస్తుంది. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్ 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. 12 దాటితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది.

మన ఊళ్లో గది సద్దుమణిగేది రాత్రి 11 దాటాకే. గుడి మైకులో సుప్రభాతం మొదలయ్యేలోపు ముగించు. గంగజాతర వారంలో అసలు పెట్టుకోకు. ఫ్యాను ఆపక తప్పదు కాబట్టి మే నెలలో 20 నిమిషాలకోసారి లేచి, చెమట తుడుచుకుని, కుండనీళ్లు తాగి మళ్లీ కూర్చో. ఇనప బీరువా గొంతుకు తిరిగి పలుకుతుంది, దానిమీద బొంత కప్పు. ట్యూబులైటు చోకు, ఇన్వర్టరు గుయ్యిమంటాయి, రెండూ ఆపు. గోడ మీద బల్లి పలికితే ఆ వాక్యం మళ్లీ చదవాల్సిందే.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. 'భ', 'ఫ' ఎదురుగా తగిలితే గాలి దెబ్బ వినపడుతుంది. 'భయం' అన్న మాటను అనువాదంలోనే తగ్గించు, రెండు విధాలా మేలు. గుసగుసలు వద్దు, చిత్తూరు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా వినపడవు. అలాంటి చోట శ్రుతి దించి నిదానించు.

రికార్డింగుకు 44.1 కిలోహెర్ట్జ్ శాంపుల్ రేటు, మోనో, వేవ్ ఫైలు. చదివేటప్పుడు పీక్, అంటే శబ్దం ఎక్కే గరిష్ఠ స్థాయి, -12, -6 డెసిబెల్స్ మధ్య ఉండనీ. పూర్తయ్యాక ఆర్‌ఎంఎస్, అంటే సగటు స్థాయి, -23, -18 మధ్య, పీక్ -3 లోపు, రూమ్ టోన్ -60 కంటే తక్కువ. అమెజాన్ వాళ్ల ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ అడిగేవి ఈ చివరి మూడు కొలతలే.

మొత్తం చదివి పంపొద్దు. మూడో భాగం ఒక్కటే, శుభ్రం చేయని ఫైలు, ముందున్న 30 సెకన్లతో సహా పంపు. ఆ మూడు చప్పుళ్ల దగ్గర ఎలా ఆగావో విన్నాక మిగతాది రాస్తాను.