ఆ చెట్టుని మహర్షి అనకు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. కాలిఫోర్నియా కొండల్లోని బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టునీ, ఐస్‌లాండ్ సముద్రంలోని క్వాహాగ్ గుల్లనీ పక్కపక్కన పెట్టావు, బాగుంది. కానీ మొదటి పేరాలోనే చెట్టు మహర్షి, గుల్ల యోగిని అయిపోయాయి. అక్కడే నాకు ఒళ్లు మండింది. మహర్షి అన్నాక ఆ చెట్టుని ఎవరు పరికించి చూస్తారు? దండం పెట్టి వెళ్లిపోతారు.

రెండూ వందల, వేల ఏళ్లు బతుకుతాయన్నావు. ఆ సంగతి ఎలా తెలిసింది? అసలు కథ అదే కదా. చెట్టులోకి బోలు బరమా దించి, పెన్సిలంత కడ్డీ బయటికి తీసి, వలయాలు లెక్కపెడతారు. చెట్టుకేమీ కాదు. 1957లో ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త, మెతుసెలా అని పేరున్న బ్రిసిల్‌కోన్ చెట్టుకి నాలుగున్నర వేల ఏళ్లు దాటాయని అలాగే తేల్చాడు. గుల్లకి ఆ వీలు లేదు, చంపి కోయాల్సిందే. 2006లో పట్టిన ఒక గుల్లకి ముందు నాలుగు వందల పైచిలుకు ఏళ్లన్నారు. రెండు చిప్పలూ కలిసే చోట ఏటా పడే గీతలు మరీ ఒత్తుగా ఉండి కొన్ని లెక్కకి అందలేదు. చిప్ప వెలుపలి వైపు మళ్లీ లెక్కపెట్టి, కార్బన్ పరీక్షతో సరిచూసుకుని, 2013లో 507 అన్నారు. చెట్టు పాత వలయం మీద కొత్తది కప్పుకుంటూ పోతుంది. గుల్ల అంచున పెరుగుతుంది, దాని చిన్ననాటి భాగం పైకే ఉంటుంది. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, మడ అడవుల మీద నా వ్యాసంలోంచి ఒక ఎడిటర్ అంకెలన్నీ కొట్టేసి, చివర్న 'ప్రకృతే మన గురువు' అని తగిలించాడు. ఇంటద్దె బాకీ ఉంది, నోరెత్తలేకపోయాను. ఆ ముక్క నేటికీ పత్రికల్లో తిరుగుతూనే ఉంది. నీ ఆఖరి పేరాలోనూ ఉంది. తీసెయ్.

దాని బదులు ప్రొమీథియస్ అనే ఇంకో బ్రిసిల్‌కోన్ చెట్టు గురించి రాయి. 1964లో నెవాడాలో పరిశోధన కోసమే, అనుమతితోనే నరికారు దాన్ని. వలయాలు లెక్కపెడితే 4,800 దాటాయి. నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ చెట్టూ గుల్లా నిజంగా కలిసేది అక్కడే: ఎంత ముసలివో తెలిసేసరికి ప్రొమీథియస్, 507 ఏళ్ల ఆ గుల్ల, రెండూ బతికి లేవు. దానికి కనీసం ఒక పేజీ ఇచ్చి, మళ్లీ పంపు.