జపాన్ రైలు పాస్ కొనాలా, విడి టికెట్లు చాలా?

ప్రశ్న: మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు తొమ్మిది రోజులు జపాన్ వెళ్తున్నాం. టోక్యోలో దిగి క్యోటో, ఒసాకా చూసి మళ్లీ టోక్యో నుంచే తిరుగు ప్రయాణం. ముగ్గురికీ ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ తీసుకోమని ఏజెంట్ అంటున్నారు. తీసుకోమంటారా? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ రూటుకు వద్దండీ. ఏడు రోజులు జపాన్‌లో చాలా రైళ్లు ఎన్నిసార్లయినా ఎక్కనిచ్చే ఈ పాస్ ఒకప్పుడు 29,650 యెన్లే. టోక్యో-ఒసాకా ఒకసారి వెళ్లొస్తే దాదాపు గిట్టేది. 2023 అక్టోబరులో ఒకేసారి 50,000 చేశారు. చాలామంది సలహా మాత్రం పాత ధర దగ్గరే ఆగిపోయింది.

లెక్క చూడండి. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సగం ధర కాబట్టి మీది రెండున్నర టికెట్లు. పాసులకు 1,25,000 యెన్లు. యెన్‌కు 60 పైసలు వేసుకుంటే రూ.75,000. అదే విడిగా కొంటే, నోజొమి బుల్లెట్ రైల్లో రిజర్వుడు సీటు టోక్యో-క్యోటో 14,170, ఒసాకా-టోక్యో 14,720, మధ్యలో క్యోటో-ఒసాకా మామూలు రైలు 580. రెండున్నర టికెట్లకు 73,675 యెన్లు, అంటే సుమారు రూ.44,200. రద్దీ రోజుల్లో సీటుకు రెండు నుంచి నాలుగు వందల యెన్లు ఎక్కువ పడొచ్చు. పైగా పాస్ ఉన్నా నోజొమి ఎక్కాలంటే మళ్లీ అదనపు టికెట్ కొనాలి!

హిరోషిమా కూడా కలుపుకుంటే లెక్క దగ్గరపడుతుంది. అప్పుడైనా క్యోటో, ఒసాకా ఉన్న కన్సాయ్ ప్రాంతానికీ హిరోషిమాకూ పనికొచ్చే ఐదు రోజుల కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్ (17,000 యెన్లు) మేలు. అందరూ పొరబడేది ఒకచోట: క్యోటో నుంచి షిన్-ఒసాకాకు (ఒసాకాలో బుల్లెట్ రైళ్లు ఆగే స్టేషన్) బుల్లెట్ రైలెక్కితే ఈ ఏరియా పాస్ చెల్లదు. అక్కడిదాకా మామూలు రైల్లో వెళ్లి, షిన్-ఒసాకాలో బుల్లెట్ రైలెక్కండి.

ఇక డబ్బు కట్టే తీరు. విదేశీ చెల్లింపుపై మన క్రెడిట్ కార్డులు చాలావరకు 3.5% దాకా మార్కప్ (అదనపు రుసుము), దాని మీద 18% జీఎస్టీ వేస్తాయి. రూ.44,200కి ఇదే సుమారు రూ.1,825. మార్కప్ తక్కువున్న కార్డో, ఫారెక్స్ కార్డో వాడండి. మెషీన్ 'రూపాయల్లోనా, యెన్‌లోనా' అని అడిగితే యెన్ అనే నొక్కాలి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు ఆ మెషీన్ వాళ్లు వేసిందే.

ఊళ్లో తిరగడానికి సుయికా కార్డు, అంటే ముందే డబ్బు నింపి గేటు దగ్గర ట్యాప్ చేసే కార్డు. దాన్ని స్టేషన్ మెషీన్లో నింపడానికి యెన్ నోట్లు దగ్గరుంచుకోండి. టోక్యోలో ట్యాప్ చేసి లోపలికెళ్లి ఒసాకాలో బయటికి రావడం మాత్రం దీంతో కుదరదు.

సూట్‌కేసును ఇంట్లోనే టేపుతో కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెం.మీ. దాటితే బుల్లెట్ రైల్లో సామాను స్థలమున్న సీటే ముందుగా బుక్ చేయాలి. దానికి విడిగా డబ్బేమీ పడదు, చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు వసూలు చేస్తారు.