ట్రెండ్స్‌లో 100 అంటే వంద మంది కాదు

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా గురించి ప్రచారం చేస్తోంది. జనంలో ఆసక్తి పెరిగిందో లేదో గూగుల్ ట్రెండ్స్‌లో (గూగుల్‌లో ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో గ్రాఫ్‌గా చూపే సైట్) చూస్తున్నాం. ఒక వారం 100 చూపించింది, తర్వాత సున్నా! దీనికన్నా మా యాప్‌లోనే సెర్చ్ పెట్టి, ఎవరు ఏం వెతికారో ఫోన్ నంబర్‌తో సహా సేవ్ చేసుకుంటే నయం కదా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఈ 100 గొడవ మీ ఒక్కరిదే కాదండీ, వారానికో ఉత్తరం వస్తోంది. మీరు ఎంచుకున్న కాలంలో, ఆ ప్రాంతంలోని మొత్తం సెర్చ్‌లలో మీరు చూస్తున్న మాట వాటా ఎప్పుడు ఎక్కువుందో ఆ వారానికి 100 ఇచ్చి, మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తారు. సున్నా అంటే చూపించేంత డేటా లేదని అర్థం. చిన్న ప్రాంతం మీద వారం వారం చూస్తే ఇలాగే ఉంటుంది, రాష్ట్రం మొత్తానికి నెలల లెక్కన చూడండి. ఇంగ్లిష్‌లో ఉత్తి ‘క్యాన్సర్’ అని కొడితే కర్కాటక రాశి ఫలాలు వెతికేవాళ్లూ అందులో కలుస్తారు. మాట కొట్టగానే వచ్చే సూచనల్లో ‘వ్యాధి’ అని ఉన్న టాపిక్‌ని ఎంచుకోండి.

గ్రాఫ్ లేచినంత మాత్రాన టీకా మీద ఆసక్తి అనుకోకండి. 2024 ఫిబ్రవరి 1న కేంద్ర మధ్యంతర బడ్జెట్‌లో 9–14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. మర్నాడే నటి పూనమ్ పాండే ఈ క్యాన్సర్‌తో చనిపోయిందన్న అబద్ధపు ప్రచారం. దేశమంతా ఫోన్లు పట్టుకుని వెతికింది. అందులో టీకా కోసం ఎందరు, ఆమె కోసం ఎందరు? గ్రాఫ్ చెప్పదు. సెర్చ్‌లను బట్టి ఫ్లూ తీవ్రతను అంచనా వేస్తామని గూగుల్ 2008లో మొదలుపెట్టిన ఫ్లూ ట్రెండ్స్, 2012–13 చలికాలంలో అమెరికాలో అసలుకి దాదాపు రెట్టింపు చూపించింది. 2015లో ఆపేశారు. మీరైనా గ్రాఫ్ పక్కన టీకా వేయించుకున్నవాళ్ల లెక్క పెట్టుకోవాల్సిందే.

ఇక మీ రెండో ఆలోచన. దయచేసి వద్దు. 2006లో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ పరిశోధకుల కోసమని సుమారు ఆరున్నర లక్షల మంది సెర్చ్‌లను పేర్లు తీసేసి బయటపెట్టింది. వెతికిన మాటల్ని బట్టే ఒక మహిళ ఎవరో కనిపెట్టి విలేకరులు ఆమె ఇంటికే వెళ్లారు. పేరు లేకపోతేనే అలా జరిగింది, మీరు ఏకంగా ఫోన్ నంబరే పెడతానంటున్నారు! ‘తెల్లబట్ట అవుతోంది, క్యాన్సరేనా’ అని ఒకావిడ రాత్రిపూట టైప్ చేస్తుంది. ఆ నంబర్ ఇంటాయనదో, కొడుకుదో. ఆ ఎక్సెల్ ఫైలు మీ వాలంటీర్ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఎవరో వాట్సాప్ గ్రూపులో వేస్తారు. పెళ్లి చూపులు జరుగుతున్న అమ్మాయి నంబర్ అందులో ఉంటే? పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ఇది బయటపడితే మార్చుకోవడానికేముంది? అవసరానికి మించి డేటా తీసుకోకూడదని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం కూడా చెబుతోంది.

అసలు చాలా ఆరోగ్యం యాప్‌లకి ఈ జబ్బుంది. బరువు లెక్కేసే యాప్‌కి కాంటాక్ట్స్ కావాలి. టీకా ఏ వయసులో వేయించాలో చదవాలంటే ఓటీపీ కొట్టాలి. ఒక్కోసారి అప్‌డేట్ చేస్తే మనం ఆఫ్ చేసినవి మళ్లీ ఆన్. ఇలా చేసేవాళ్లకి ఇంట్లో ఆడవాళ్లు లేరా అనిపిస్తుంది.

మీ యాప్‌లో ఏ మాటను వారంలో ఎన్నిసార్లు వెతికారో అంకె మాత్రం ఉంచండి. నంబర్, లొకేషన్, ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌ను గుర్తుపట్టే సంఖ్య) సేవ్ కాకుండా చేయమని డెవలపర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఇప్పటికే సేవ్ చేసినవి ఉంటే బ్యాకప్‌తో సహా తీసేయించండి.