అత్తగారిని అడక్కుండా తెచ్చిన చెవిటి కుక్కపిల్ల

ప్రశ్న: మాది విశాఖపట్నం, కూర్మన్నపాలెం. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల్లో చేస్తారు, నాది ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆఫీసు. పాప పోరు పడలేక, వీధి కుక్కపిల్లల్ని చేరదీసే ఒకావిడ దగ్గర రెండున్నర నెలల తెల్ల పిల్లను తెచ్చాను. తెచ్చాక తెలిసింది, దానికి అసలు వినపడదని. నిన్న ఆయన సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చి, గుమ్మం దగ్గర నిద్రపోతున్నదాన్ని పక్కకు జరపబోతే చేయి కొరికింది. ఇచ్చెయ్యమని గొడవ. అత్తగారేమో చెవిటిది ఇంటికి అరిష్టం అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆయన చేయి సంగతి చూడండి. పన్ను గీరుకున్నా సరే, ‘పిల్లే కదా’ అని ఊరుకోవద్దు. రేబిస్ టీకా కుక్కపిల్లలకు 3 నెలలు నిండాక వేస్తారు, మీ దానికింకా ఆ వయసు రాలేదు, పైగా వీధిలో పుట్టింది. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి ఇవాళే ఆస్పత్రికి పంపండి. ఆలస్యమైందని మానేయకండి.

ఇక అది ఎందుకు కరిచిందంటే, పొగరుతో కాదండీ. వినపడే కుక్కైతే తాళం తిప్పిన చప్పుడుకే లేచి కూర్చునేది. దీనికి అదేమీ లేదు, గాఢ నిద్రలో ఉండగా హఠాత్తుగా ఒక చేయి మీద పడింది, భయంతో నోరు ముందు కదిలింది. గుమ్మం దగ్గర పడక తీసేసి ఓ మూలకు మార్చండి, అక్కడ గోడ ఆసరా ఉంటుంది, ఎవరూ తొక్కరు. లేపాలంటే ముందు దాని ముక్కు దగ్గర చేయి పెట్టండి, వాసనకే చాలాసార్లు లేస్తుంది. లేవకపోతే భుజం మీద మెల్లగా తాకి, కళ్లు తెరవగానే చిన్న ఉడికించిన కోడిగుడ్డు ముక్క. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేస్తే, ఒంటి మీద చేయి పడిందంటే తిండి వస్తోందని దానికి అర్థమవుతుంది. పాపకు మాత్రం ఒకటే రూలు, నిద్రపోతున్నదాన్ని ముట్టుకోకూడదు. ఆటలో గట్టిగా కొరికినా అరిచి లాభం లేదు, ఆట ఆపేసి అటు తిరిగి కూర్చోవాలి.

సైగలు నేర్పడం మీరనుకున్నంత కష్టమేం కాదు. బొటనవేలు పైకెత్తితే ‘శభాష్’, అరచేయి చూపిస్తే ‘ఆగు’. ఇంట్లో అందరూ అవే సైగలు వాడాలి, లేకపోతే దానికి తికమక.

అరిష్టం మాటకొస్తే, దాని చెవుడు శుద్ధ శరీర ధర్మం. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ కావాలి, అవి అక్కడ లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. తెల్ల కుక్కలన్నీ చెవిటివి కావు గానీ వాటిలో ఇది ఎక్కువ. చెవిలో చీము, ఇన్‌ఫెక్షన్ లాంటివి లేవని మాత్రం పశువుల డాక్టరుకు ఒకసారి చూపించండి. దీపావళికి మీ వీధి కుక్కలన్నీ మంచాల కింద, కార్ల కింద దూరితే మీది మాత్రం హాయిగా గుర్రు పెడుతుంది లెండి.

కానీ మీ ఉత్తరంలో నాకు అసలు గుచ్చుకున్నది వేరే. పాప పోరు రాశారు, ఆయన కోపం రాశారు, పగలంతా దాన్ని చూసుకునేదెవరో రాయలేదు. మీరు ఆఫీసులో, పాప బడిలో, ఆయన నైట్ చేసొచ్చి నిద్రలో. ఇక మిగిలింది మీ అత్తగారే. నాలుగు పూటల తిండి పెట్టడం, అది పోసిన ఉచ్చ తుడవడం ఆవిడ నెత్తిన పడింది, అదీ ఆవిణ్ని ఒక్క మాట అడక్కుండా. ‘నన్నెవరు అడిగారు’ అని పైకి అనలేక అరిష్టం అంటున్నారేమో ఆలోచించండి.

ఆయన్ని మధ్యవర్తిగా పెట్టకండి, ఇంకా చెడుతుంది. మీరే కూర్చుని, ‘అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా తెచ్చాను, తప్పు నాదే’ అనండి. ఆవిడ ఏం చేయగలరో, ఏం చేయలేరో ఆవిడ నోటే చెప్పించండి. తుడిచే పని మీ పనమ్మాయికి అప్పగించి జీతం పెంచండి. డబ్బు మీది, ఓపిక ఆవిడది కాకూడదు కదా.

అప్పటికీ వద్దంటే, తెచ్చినావిడకే తిరిగి ఇచ్చేయండి, అందులో పాపమేం లేదు. పాప కొన్నాళ్లు ఏడుస్తుంది, తట్టుకుంటుంది. ఎక్కడో వదిలేయడం మాత్రం వద్దు, హైవే మీద లారీ హారన్ దానికి వినపడదు.

సరే అన్నారనుకోండి, గుమ్మం దాటితే ఎప్పుడూ గొలుసు ఉండాల్సిందే, మేడ మీదికైనా సరే. మెడపట్టీకి ఓ మువ్వ కట్టండి, అది ఏ గదిలో ఉందో అత్తగారికి తెలియడానికి. పట్టీ మీద ఫోన్ నంబరుతో పాటు ‘వినపడదు’ అని కూడా రాయించండి.