జెడ్4కు ముందొక సైజు, వెనకొక సైజు చక్రాలు: ఆ సెట్ అలాగే కొనకండి

మీ ప్రశ్న క్లుప్తంగా: సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎండబ్ల్యూ జెడ్4 (ఈ89), ఇప్పుడు నాలుగు పక్కలా 17 అంగుళాల చక్రాలే. 8జె (రిమ్ వెడల్పు 8 అంగుళాలు), ఈటీ29 (ఆఫ్‌సెట్, దీని సంగతి కింద చెప్తా), టైరు 225/45 ఆర్17 (225 అంటే మి.మీ.లో టైరు వెడల్పు). హైదరాబాద్‌లో ఒకాయన 18 అంగుళాల అలాయ్స్ సెట్ ఇస్తానంటున్నాడు: ముందు 8.5జె ఈటీ35, వెనక 9.5జె ఈటీ35. టైర్లు ముందు 225/40, వెనక 255/40 వేసుకోమన్నాడు. హన్మకొండలో తిరిగే బండికి ఇది పనికొస్తుందా అని అడిగారు.

ఆ సెట్ అలాగే వద్దన్నా. ముందు సన్నవి, వెనక వెడల్పువి వేయడంలో తప్పేమీ లేదు, ఈ కారుకు కంపెనీయే అలా ఇచ్చింది. 18 అంగుళాల్లో ఫ్యాక్టరీ కొలత ముందు 8జె ఈటీ29 మీద 225/40, వెనక 8.5జె ఈటీ40 మీద 255/35. ఆయన చెప్పిన కొలతలను దీని పక్కన పెట్టి చూడండి, రెండు చోట్ల తేడా కొడుతుంది.

మొదట టైరు ఎత్తు సంగతి. రెండు వైపులా 40 ఉంటే ఎత్తు సమానమని చాలా షాపుల్లో నమ్మకంగా చెప్తారు. కానీ ఆ 40 మిల్లీమీటర్లు కాదు, టైరు వెడల్పులో నూటికి 40 వంతులు. 225లో 40 శాతం 90 మి.మీ., 255లో 40 శాతం 102 మి.మీ. గోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు చేసి, 18 అంగుళాల రిమ్ 457.2 మి.మీ. కలపండి. ముందు టైరు మొత్తం ఎత్తు 637.2, వెనకది 661.2. అంటే 24 మి.మీ. తేడా, దాదాపు 3.8 శాతం. అదే వెనక 255/35 వేస్తే 635.7 వస్తుంది, తేడా ఒకటిన్నర మిల్లీమీటరే. మీ పాత 225/45 ఆర్17 ఎత్తు 634.3 కాబట్టి స్పీడోమీటర్ కూడా పెద్దగా మారదు.

ఈ 24 మి.మీ. ఎందుకు ప్రమాదమంటే, ఏబీఎస్ (బ్రేక్ కొట్టినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారకుండా ఆపేది) రెండూ నాలుగు చక్రాల వేగాన్ని ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పని చేస్తాయి. వెనక టైరు పెద్దదైతే అది ఎప్పుడూ మెల్లగా తిరుగుతున్నట్టే కంప్యూటర్‌కు కనిపిస్తుంది. బ్రేక్ కొట్టినప్పుడు వెనక చక్రం లాక్ అవుతోందేమో అని పొరపడొచ్చు. వానలో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనక చక్రం నిజంగానే జారితే ఆ సంగతి ఆలస్యంగా పట్టుకోవచ్చు. ముందు వెనక ఎత్తుల తేడా ఒక్క శాతం లోపలే ఉంచండి. మీది వెనక చక్రాల డ్రైవ్ కాబట్టి గేర్‌బాక్స్ వైపు భయం లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ కారున్న మిత్రులెవరైనా ఇది చదివి ఇలాంటి తేడా పెట్టుకుంటే ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పాడవుతుంది, వాళ్లు మాత్రం కంపెనీ సైజు దాటి పోవద్దు.

ఇక ఆఫ్‌సెట్. అసలు చిక్కు ఇక్కడే, షాపులో దీన్ని ఎవరూ కొలిచి చూపించరు. ఈటీ అంటే రిమ్ మధ్య గీత నుంచి, హబ్‌కు (చక్రం బిగించే భాగానికి) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో చెప్పే అంకె. లెక్క సులువే. జె వెడల్పును 25.4తో గుణించి సగం చేయండి. అందులోంచి ఈటీ తీసేస్తే హబ్ నుంచి బయటికి వచ్చే భాగం, ఈటీ కలిపితే లోపలికి పోయే భాగం. ఫ్యాక్టరీ వెనక చక్రం (8.5జె ఈటీ40) బయటికి 68, లోపలికి 148 మి.మీ. మీకు చూపించిన 9.5జె ఈటీ35 బయటికి 85.7, లోపలికి 155.7. అంటే బయటికి దాదాపు 18 మి.మీ., లోపలికి 8 మి.మీ. ఎక్కువ. ఇద్దరు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టి ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టైరు భుజం మడ్‌గార్డ్ అంచుకు తగిలే అవకాశం బాగా ఉంది. అప్పుడు అంచు లోపలికి మడిపించండి అంటారు. పెయింట్ పగిలి వానాకాలంలో తుప్పు మొదలయ్యేది అక్కడే.

ముందు చక్రం బయటి నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, అదే మోసం. 8జె ఈటీ29 లోపలికి 130.6 పోతే, 8.5జె ఈటీ35 లోపలికి 143 పోతుంది. సస్పెన్షన్ స్ట్రట్ వైపు 12 మి.మీ. దగ్గరవుతుంది. ఇప్పుడున్న చక్రం మీద స్ట్రట్‌కూ టైరుకూ మధ్య ఖాళీ కొలవండి. 12 తీసేశాక కనీసం 5 మి.మీ. మిగలకపోతే ఆ చక్రం వద్దు. స్పేసర్ (హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల) వేసి బయటికి జరపొచ్చు అంటారు కానీ, కొత్తగా డబ్బు పెట్టి కొంటున్న చక్రానికి స్పేసర్ అవసరం వచ్చిందంటే ఎంపికే తప్పు.

ఎక్కువ మంది పట్టించుకోని ఇంకో మాట: వెనక మాత్రమే వెడల్పు పెంచుకుంటూ పోతే వెనక పట్టు పెరుగుతుంది, ముందు పట్టు అంతే ఉంటుంది. మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికి పోతుంది. ముందు 225, వెనక 255 దగ్గర ఆగితేనే ఈ కారు స్టీరింగ్ అందం నిలుస్తుంది. చూపు కోసం 275కు పోతే నడపడంలో సుఖం పోతుంది.

కాబట్టి ఫ్యాక్టరీ కొలతలే ఉన్న 18 సెట్ వెతకండి. పీసీడీ (బోల్టు రంధ్రాల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం) 5×120, సెంటర్ బోర్ (రిమ్ మధ్య రంధ్రం) 72.6 మి.మీ. బయటి కంపెనీ రిమ్‌కు బోర్ పెద్దదుంటే సరైన కొలత హబ్ రింగ్ వేయాలి, లేకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేసినా 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. 5×114.3 రిమ్‌ను ఎలాగోలా బిగిస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పాత రిమ్ అయితే లోపలి వైపు తిప్పి వెల్డింగ్ అతుకు ఉందేమో చూడండి. అతికిన రిమ్ ఎంత చవకైనా వద్దు. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) వేయాలనుకుంటే రిమ్ మీద ఈహెచ్2 అని ఉందో లేదో చూసుకోండి. మామూలు టైర్లు వేస్తే నాలుగూ మామూలువే వేయాలి. ఈ కారులో స్టెప్నీ లేదు కాబట్టి పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాల్సిందే.

టైర్లు నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగం) డోర్ దగ్గరి స్టిక్కర్ కంటే తక్కువ ఉండొద్దు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2324 అంటే 2024లో 23వ వారం. 255/35 ఆర్18 వరంగల్‌లో అడిగిన రోజే దొరుకుతుందని అనుకోవద్దు, హైదరాబాద్ నుంచి తెప్పించాల్సి రావచ్చు. వెనక జత ముందే అరుగుతుంది, ముందువి వెనక్కి మార్చుకునే వీలుండదు. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

బిగించే రోజు టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్‌ను హబ్‌కు పెట్టి చూడమనండి. ఒకసారి టైరు ఎక్కిందంటే షాపువాళ్లు వాపసు తీసుకోరు. హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకేసి, రెండు బోల్టులు చేత్తో బిగించి చక్రం తిప్పండి. బ్రేక్ కాలిపర్‌కూ స్పోక్‌కూ మధ్య 3 మి.మీ. అయినా ఉండాలి. టైర్లు ఎక్కాక బండి కిందికి దించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఇద్దరు కూర్చున్నాక మళ్లీ చూడండి. మడ్‌గార్డ్ లోపలి అంచుకు సుద్ద రాసి కొంత దూరం నడిపితే ఎక్కడ తగులుతోందో సుద్ద చెరిగి చెప్తుంది.

బోల్టు తల కింద రిమ్‌కు ఆనే భాగం (సీటు) ఆకారం రిమ్ గుంటకు సరిపోవాలి. కోన్ సీటు రిమ్‌కు గుండ్రటి సీటు బోల్టు వేస్తే బిగినట్టే ఉండి వదులవుతుంది. పొడవు ఎక్కువైనా చేటే, హబ్ వెనక భాగాలకు గుచ్చుకుంటుంది. ఈ కారుకు ఎం12 బోల్టులు, టార్క్ 120 న్యూటన్ మీటర్లు. ఒకదాని తర్వాత పక్కది కాకుండా ఒకటి వదిలి ఒకటి బిగించాలి. గన్‌తో బరబరా బిగించనివ్వకండి, చివర టార్క్ రెంచ్ పడాలి. 100 కి.మీ. లోపు మళ్లీ ఒకసారి టార్క్ చూడండి. అలైన్‌మెంట్ నాలుగు చక్రాలకూ చేయించండి. వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగ్గా లేకపోతే 255 టైరు లోపలి అంచు బయటికి కనిపించకుండా తినేస్తుంది. టైర్ ప్రెషర్ హెచ్చరికను కారు మెనూలో రీసెట్ చేయడం మరవద్దు.

గాలి ఉదయం, బండి చల్లగా ఉన్నప్పుడే, స్టిక్కర్‌లో 18 సెట్‌కు ఉన్న అంకె ప్రకారం కొట్టించండి. రామగుండం, కరీంనగర్ వైపు ఎండలో నడిచాక ప్రెషర్ నాలుగైదు పీఎస్ఐ పెరిగి కనిపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. టైరు గోడ ఇదివరకు 101 మి.మీ. ఉండేది, ఇప్పుడు 90. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద, వానకు నీళ్లు నిండిన గుంతల్లో గాలి తక్కువగా ఉంటే రిమ్ అంచు నేరుగా దెబ్బ తింటుంది. 255 వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద 225 కంటే ముందే తేలుతుంది. అందుకే చట్టం ప్రకారం 1.6 మి.మీ. దాకా వాడొచ్చన్నా, జూన్ నాటికి గాడి లోతు 3 మి.మీ. కంటే తక్కువుంటే మార్చేయండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త సైజు మెయిల్‌లో రాసి, వాళ్ల జవాబు దాచుకోండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 మార్పుల గురించే. ఫ్యాక్టరీ ఇచ్చిన సైజులోనే ఉంటే మాట్లాడటానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది, మడ్‌గార్డ్ దాటిన 9.5జెకు అది ఉండదు. పాత 17 సెట్ అమ్మకండి, 18 రిమ్ ఎప్పుడైనా వంగితే కొత్తది వచ్చేదాకా బండి దాని మీదే నడుస్తుంది.